కరివేపాకు చెట్టుకు మందు కొట్టించారు

ఇప్పుడే కిందికి వెళ్లి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ పక్కనున్న కరివేపాకు చెట్టుకు ఈ పొద్దున పురుగుమందు కొట్టించారు. ఆకుల మీద మందు తెల్లగా ఆరిపోయి ఉంది. కింద సిమెంటు మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు చుట్టుకుపోయి పడున్నాయి. ఒకటి మాత్రం ఇంకా కొద్దికొద్దిగా కదులుతోంది. ఎవరైనా ముట్టుకుంటే బెదిరించడానికి తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటికి తీస్తుంది కదా, ఆ కొమ్ముల్ని బయట పెట్టి, లోపలికి తీసుకునే ఓపిక లేక అట్లాగే ఉండిపోయింది.

నిన్న రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫొటో పెట్టాడు. "చెట్టు నిండా పురుగులు, పిల్లలు ఆడుకునే చోటు, ఎవరూ పట్టించుకోరా?" అని. కింద వరసగా థమ్సప్ గుర్తులు. నేను వెంటనే రాశాను. అవి సీతాకోకచిలుక పిల్లలండీ, కుట్టవు, దురద పెట్టవు, కొన్ని రోజులు ఓపిక పడితే వాటంతటవే ఎగిరిపోతాయి, దయచేసి వదిలేయండి అని. ఒక్కరూ జవాబివ్వలేదు. దాని తర్వాతి మెసేజ్ నీళ్ల ట్యాంకర్ గురించి. పొద్దున లేచేసరికి పని అయిపోయింది.

మాలిని నేను ఒక్క మాట కూడా అనను. "సెక్రటరీ సార్ కొట్టమన్నడక్కా, నేనేం జేయాలె" అన్నాడు. ఆయన ముక్కుకు గుడ్డ లేదు, చేతికి గ్లౌజు లేదు. డబ్బా తీసి చూశాను, దాని మీద పసుపు రంగు గుర్తుంది. మన దేశంలో పురుగుమందుల డబ్బాల మీద ఎరుపు తర్వాత అంత విషమని చెప్పే గుర్తు అదే. ఆ మందును తినే ఆకు మీద కొట్టారు! ఈ బిల్డింగ్‌లో సగం ఇళ్ల పోపుల్లో పడేది ఆ చెట్టు ఆకే. పిల్లల కోసం అన్నారు కదా, రేపు ఆ పిల్లల పప్పుచారులో పడేది ఏమిటో ఒక్కరైనా ఆలోచించారా?

దురద సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పదిమందీ అదే పట్టుకుని వేలాడుతున్నారు. ఒళ్లంతా బొచ్చుతో మునగ చెట్టు కాండానికి గుంపులు గుంపులుగా పట్టుకునే గొంగళిపురుగులుంటాయి. అవి తగిలితే దద్దుర్లు వస్తాయి, నిజమే, ఊళ్లో పెరిగిన ప్రతివాళ్లకూ తెలుసు. కరివేపాకు మీద ఉన్నవాటికి బొచ్చే లేదు. నున్నగా, పచ్చగా, చేతిలో పెట్టుకున్నా ఏమీ చెయ్యవు. వాటికున్న ఆయుధమల్లా ఆ రెండు కొమ్ములూ, వాటి నుంచి వచ్చే ఘాటు వాసనా. పురుగు కనపడితే చాలు పేరు కూడా అడక్కుండా చంపెయ్యడమేనా? ఆ ఫొటో పెట్టినాయన అదే ఫోన్‌లో ఒక్క నిమిషం వెతికుంటే అదేమిటో తెలిసేది.

అవి కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక పిల్లలు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద వరసగా తెల్ల మచ్చలు, మన పెరళ్లలో నిమ్మ, కరివేపాకు ఉన్న ప్రతిచోటా తిరుగుతుంది. తల్లి ఒక్కో లేత ఆకు మీద ఒక్కో గుడ్డు పెట్టిపోతుంది. పుట్టిన పిల్ల అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు చూసి కూడా వదిలేసేలా. పెద్దయ్యాక ఆకులో ఆకులా పచ్చగా మారుతుంది. ఇక ఆడదాని తెలివి చూడండి. కొన్ని ఆడవి మగదానిలాగే ఉంటాయి, కొన్ని మాత్రం కామన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుక వేషం వేస్తాయి, ఎర్ర మచ్చలతో సహా. ఆ రోజ్ పిల్లగా ఉన్నప్పుడు తినేది గాడిదగడప, ఈశ్వరి లాంటి చేదు మొక్కల్ని. ఆ విషం ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. విషమే లేని మోర్మన్ ఆ వేషంతో బతికిపోతుంది. ఇంత కథ మా గోడ పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో జరుగుతుంటే మా వాళ్లకు కనపడింది "పెస్ట్".

మూడో అంతస్తులో రెండో తరగతి చదివే పాప ఉంది. స్కూల్ బస్ దిగగానే బ్యాగ్‌తో సహా చెట్టు దగ్గరికే పరుగెత్తేది. ఏ కొమ్మ మీద ఏది ఎంత పెరిగిందో నాకంటే దానికే బాగా తెలుసు. ఒకటి కొమ్మకు తల పైకి పెట్టుకుని, నడుముకు పట్టుదారం కట్టుకుని ప్యూపాగా మారితే, "ఆంటీ, అది సీటు బెల్ట్ పెట్టుకుంది" అంది. ఇవాళ సాయంత్రం అది బస్ దిగుతుంది. నేను దానికి చెప్పలేను. మందు కొట్టమన్న పెద్దమనుషులే వచ్చి చెప్పాలి.

సరే, సీతాకోకచిలుకలంటే మీకు లెక్కలేదు, పిట్టలంటే ఉందా? ఉందట. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. పోయినసారి మా అసోసియేషన్ చెక్క గూళ్లు కొని గేటు పక్కన కట్టించి, రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగింది. ఆ గూళ్లలోకి ఇంతవరకు ఒక్క పిచ్చుకా రాలేదు. ఎట్లా వస్తుంది? పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ గూట్లో ఉన్న పిల్లకు మొదటి రోజుల్లో పెట్టేది మెత్తటి పురుగుల్నే. తేనెపిట్టలూ అంతే. పూలలో తేనె తాగి బతికే పిట్ట కూడా పిల్లల నోట్లో పెట్టేది సాలీళ్లనూ చిన్న చిన్న పురుగుల్నే. మా రెండో బ్లాక్ మెట్ల దగ్గర వైరుకు తేనెపిట్ట గూడు కట్టుకుంది. సాలెగూడు దారాలతో, ఎండుటాకులతో వేలాడదీసిన సంచి, పక్కనుంచి చిన్న వాకిలి. మగది ఇప్పుడు పెళ్లికొడుకులా నీలం, ఊదా రంగుల్లో మెరిసిపోతోంది. ఆడది పొద్దున్నుంచీ ఈ కరివేపాకు చెట్టుకూ గూటికీ మధ్యే తిరుగుతుంది. మందు తగిలిన సాలీడును తీసుకెళ్లి పిల్లల నోట్లో పెడితే ఏమవుతుందో అడగడానికి కూడా నాకు భయంగా ఉంది.

కోయిల సంగతి వినండి ఇంకా. ఉగాది రోజు ప్రతి ఫోన్‌లోనూ మామిడి కొమ్మ మీద కోయిల బొమ్మ వస్తుంది, ప్రతి కవి సమ్మేళనంలోనూ కూస్తుంది. కోయిల గూడు కట్టుకోదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది, చిన్నప్పుడు మనందరం చదువుకున్నదే. మరి గత వేసవిలో మా అసోసియేషన్ చేసిందేమిటి? కార్ల మీద రెట్ట వేస్తున్నాయని, గూడున్న చెట్టు దగ్గరికెళ్తే కాకులు తలమీద తన్నుతున్నాయని, మనిషిని పెట్టి కాకి గూళ్లు పీకించింది. కాకి గూడు పీకించినవాళ్లకు కోయిల కూత ఎవరు తెచ్చిపెడతారు?

పిట్టల ఫొటోగ్రాఫర్లనూ వదలను. మన పేజీల్లోనే ఉన్నారు, ఇది చదువుతున్నారు కూడా. చెరువు దగ్గర పొద్దున్నే స్పీకర్‌లో పిట్ట కూత మళ్లీ మళ్లీ పెట్టి పిలుస్తారు. గూళ్లు కట్టుకునే కాలం ఇది. ఆ కూత వినగానే మగ పిట్ట తన చోటులోకి ఇంకో మగది దూరిందనుకుంటుంది. తిండి మానేసి, గూడు మానేసి, లేని శత్రువు కోసం కొమ్మ కొమ్మా వెతుకుతుంది. మీకు ఫొటో వస్తుంది, దానికి పొద్దంతా పోతుంది. గూడు బాగా కనపడాలని చుట్టూ ఆకులు తుంచేవాళ్లనూ చూశాను. ఆ ఆకులే దానికి నీడ, కాకి కంట పడకుండా కాపాడే అడ్డు. దసరాకి పాలపిట్టను పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో పెట్టి, చూస్తే శుభమని డబ్బులు తీసుకునేవాళ్లను మనమందరం తిడతాం. చెరువు గట్టున జరిగేది దానికి ఏం తక్కువ?

కానీ నాకు అన్నిటికంటే మండేది మా పక్క ఖాళీ ప్లాటు సంగతి. కరివేపాకు చెట్టు చూసినప్పటి నుంచి అదే గుర్తొస్తోంది.

అందరూ దాన్ని పిచ్చి మొక్కల దిబ్బ అనేవాళ్లు. ఆ దిబ్బలో జిల్లేడు ఉండేది. నారింజ రంగు రెక్కలతో నింపాదిగా ఎగిరే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లలకు ఆ జిల్లేడాకే తిండి. నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో దాక్కోకుండా ధైర్యంగా ఆకు మీదే కూర్చునేవి, జిల్లేడు పాల విషం ఒంట్లో ఉంటే భయమెందుకు? తంగేడు ఉండేది, సాక్షాత్తూ తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని చుట్టూ పసుపు రంగు చిన్న సీతాకోకచిలుకలు రోజంతా ఎగిరేవి. నేలంతా గడ్డి చామంతి. గోరంత నీలి సీతాకోకచిలుకలు ఆ పూల మీదే వాలేవి. వసంతం వచ్చిందని తెలుసుకోవడానికి నేను ఎక్కడికీ పోనక్కర్లేకుండా ఉండేది, బాల్కనీలో నిలబడితే చాలు.

పోయినేడు వేసవి మొదట్లో ఆ ప్లాటు మధ్య కంకరలో తీతువు గుడ్లు పెట్టింది. నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు, మొన పక్క లోపలికి పెట్టి పువ్వులా సర్దినట్టు. గూడంటూ ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంత, అంతే. అడుగు దూరంలో నిలబడినా గుడ్డేదో రాయేదో తెలియదు. తీతువు అరిస్తే అపశకునమంటారు మనవాళ్లు. పాపం, దాని అరుపంతా గుడ్ల దగ్గరికి ఎవరూ రావొద్దనే. జేసీబీ వచ్చిన రోజు నేను కిందికి పరుగెత్తి, గుడ్లున్నాయి, పిల్లలయ్యేదాకా ఆ ఒక్క మూల వదిలి మిగతాది చేసుకోండి అని చేతులు జోడించి చెప్పాను. కాంట్రాక్టర్ నవ్వాడు. "పిట్ట గుడ్లకు పని ఆపుతామా మేడం" అన్నాడు. జంట పిట్టలు రెండూ బకెట్ మీదికి దూకుతూ, అరుస్తూ తిరిగాయి. చీకటి పడ్డాక కూడా అరిచాయి. ఆ ప్లాటులో ఇంతవరకు ఒక్క ఇటుక పెట్టలేదు. చదును చేసి, చుట్టూ రేకులు కట్టి, అలాగే వదిలేశారు. ఎండలో తెల్లగా మెరుస్తున్న మట్టి తప్ప అక్కడ ఏమీ లేదు. ఏమంత తొందరొచ్చింది?

మన నగరానికి ఇది అలవాటే. 2025 ఉగాది మార్చి 30న వచ్చింది. సరిగ్గా ఆ సెలవుల్లోనే కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థుల్ని వ్యాన్లెక్కించారు. ఏప్రిల్ మొదటి వారంలో కోర్టులు ఆపమనేలోపే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. నెమళ్లు, జింకలు ఉన్న నేల అది. నేల మీద గుడ్లు పెట్టే కౌజులూ తీతువులూ గూళ్లకు సిద్ధమయ్యే కాలం చూసుకుని మరీ దిగారు. అక్కడ సుప్రీంకోర్టు ఉంది కాబట్టి ఆగింది. మా పక్క ప్లాటు కోసం, ఒక కరివేపాకు చెట్టు కోసం ఏ కోర్టుకు పోవాలి?

మా లాండ్‌స్కేపింగ్ మీద ఎంత ఖర్చు పెడతారో మెయింటెనెన్స్ కట్టే నాకు తెలుసు. వరసగా తాటిచెట్ల లాంటి విదేశీ పామ్‌లు, కత్తెరేసిన కంచె మొక్కలు, కాలు పెట్టనివ్వని లాన్. దాని మీద ఒక్క సీతాకోకచిలుక గుడ్డు పెట్టగా నేను చూడలేదు. నిమ్మ, కరివేపాకు, రేల, మందార, ఒక మూల జిల్లేడు, గోడకు ఈశ్వరి తీగ. వీటికయ్యే ఖర్చెంత? నర్సరీలో దొరకనివి నేనే తెచ్చి నాటుతానని రాసి కూడా ఇచ్చాను. "జిల్లేడు ఇంటి దగ్గర ఉండకూడదండీ" అన్నారు. వినాయక చవితికి జిల్లేడు పూల దండ కావాలి గానీ మొక్క ఉండకూడదట.

ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. ఈసారి నేను ఊరుకోను. మీటింగ్‌లో మూడు విషయాలు రాతపూర్వకంగా అడుగుతున్నాను. తినే ఆకులున్న ఏ చెట్టుకూ మందు కొట్టకూడదు. మిగతా చెట్లకు కొట్టాలంటే రెండు రోజుల ముందు గ్రూపులో చెప్పాలి, మాలికి మాస్కూ గ్లౌజులూ ఇచ్చాకే డబ్బా చేతికివ్వాలి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా గూడున్న కొమ్మ, అది కాకిదైనా సరే, ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరు నవ్వినా చదివే తీరతాను. మూడో అంతస్తు పాప వాళ్లమ్మ ఇప్పుడే ఫోన్ చేసి తను కూడా సంతకం పెడతానన్నారు, ఇంకో ఇద్దరు ఆలోచిస్తున్నారు. మీ కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ఎక్కడైనా ఇట్లాంటి తీర్మానం చేసుకుని ఉంటే దాని కాపీ నాకు పంపండి. తెలుగులో ఉన్నా ఇంగ్లిష్‌లో ఉన్నా పర్లేదు, శనివారం సాయంత్రంలోపు కావాలి.