చెప్పకుండా జారుకోమనే ఆ మెసేజ్‌కి నా జవాబు

ఒడిశా సరిహద్దు అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో ఉండే మా పిన్ని పోయిన వారం నాకో మెసేజ్ పంపింది. ‘పిల్లల్ని డేకేర్‌లో దింపేవారు తెలుసుకోవాల్సిన ఐదు నిజాలు’ అట. అదే మెసేజ్ మా పర్లాకిమిడి తెలుగువాళ్ళ గ్రూపులో మూడుసార్లు, మా ఆవిడ ఆఫీసు గ్రూపులో ఒకసారి వచ్చింది. పొద్దున్నే పాపని దింపేది నేనే కాబట్టి పిన్ని కింద ‘నాన్నా, ఒకసారి చదువు’ అని కూడా రాసింది. చదివాను. ఐదింటిలో ఒకదానిలో సగం నిజం ఉంది. ఒకటి మాత్రం పిల్లలకి నిజంగానే చెరుపు చేస్తుంది.

“గుమ్మం దగ్గర పిల్ల ఏడ్చిందంటే మీ మీద నమ్మకం పోయినట్టే” అన్నది మొదటిది. ఇది తలకిందుల మాట. ఎనిమిది, తొమ్మిది నెలలకి పిల్లలకి అమ్మ కనబడకపోయినా ఎక్కడో ఉందన్న ఊహ వస్తుంది. ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకే ఏడుపు. సుమారు పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఇది ముమ్మరంగా ఉండి, మూడేళ్ళు వచ్చేసరికి మెల్లగా సర్దుకుంటుంది. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడాది పిల్లల్ని కాసేపు తల్లి నుంచి వేరుచేసి గమనించింది. తల్లితో గట్టి అనుబంధం ఉన్న పిల్లల్లో చాలామంది ఏడ్చారు. తల్లి తిరిగి రాగానే చంకెక్కి, ఊరుకుని, మళ్ళీ ఆటలో పడ్డారు. ఆవిడ ముఖ్యంగా చూసింది ఆ తిరిగొచ్చిన క్షణాన్నే. మా పాపకి ఇరవై నెలలు. పొద్దున్న స్కూటీ డేకేర్ వీధి మలుపు తిరిగితే చాలు, నా చొక్కా రెండో గుండీ పిడికిట్లో బిగించేస్తుంది. సాయంత్రం నన్ను చూడగానే చేతిలో మరమరాల గిన్నె పడేసి పరిగెత్తుకొస్తుంది. నమ్మకం లేని పిల్ల అలా పరిగెత్తదు.

రెండోది మన సరిహద్దు ఊళ్ళలో బాగా పనిచేసే భయం: “ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఒడియా వింటే మాటలు ఆలస్యమవుతాయి.” అవవు. ఒక్కో భాషలో మాటలు తక్కువున్నట్టు కనిపించొచ్చు, రెండూ కలిపి లెక్కపెడితే మిగతా పిల్లలతో సమానంగానే వస్తాయి. మా పాప నన్ను ‘నీలు’ అడుగుతుంది, డేకేర్‌లో పిల్లల్ని చూసుకునే మావుసిని (ఒడియాలో పిన్ని అని) ‘పాణి’ అడుగుతుంది. ఎవరిని ఏ మాటతో అడిగితే గ్లాసు వస్తుందో దానికి తెలుసు. రెండేళ్ళు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించి, వినికిడి పరీక్ష చేయించాలి. ఒడియా మీద నెపం పెట్టి ఊరుకుంటే ఆ పరీక్షే ఆలస్యమవుతుంది.

ఇక మూడోది, కార్టిసాల్ అనే హార్మోన్ గురించి. “ఏడిస్తే ఒత్తిడి హార్మోన్ పెరిగి మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది” అట. సగం నిజం ఉన్నది ఇందులోనే, అందరూ హడలిపోయిందీ దీనికే. హార్మోన్ పెరగడం నిజం. బెర్లిన్‌లో డేకేర్‌లో చేరిన 70 మంది పదిహేను నెలల పిల్లల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. తల్లి వదిలి వెళ్ళిన మొదటి రోజుల్లో కార్టిసాల్ ఇంట్లో కంటే 75 నుంచి 100 శాతం ఎక్కువ కనిపించింది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. వదిలే ముందు తల్లి ఎక్కువ రోజులు తోడుండి అలవాటు చేసిన పిల్లల్లో అనుబంధం గట్టిగానే నిలిచిందని, కొందరిలో కొత్తగా గట్టిపడిందని అందులోనే ఉంది. 1991లో అమెరికాలో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఇంకోటి ఉంది. డేకేర్‌కి పంపినంత మాత్రాన తల్లీబిడ్డల అనుబంధం చెడదని తేలింది. ఇంట్లో పిల్ల గోడు పట్టించుకోక, డేకేర్ కూడా నాసిరకంగా ఉంటేనే ముప్పు పెరిగింది. ఎక్కువ గంటలు ఉంచిన పిల్లల్లో పేచీలు కాస్త ఎక్కువని కూడా అందులో ఉంది, అది నేను దాచను. అందుకే సాయంత్రం మావుసిని రెండే అడుగుతాను: ఎంతసేపట్లో ఊరుకుంది, ఎవరు ఎత్తుకున్నారు. మామూలుగా వచ్చే జవాబు ఎనిమిది, పది నిమిషాలు.

నాలుగోదాని మీద నాకు కోపం, ఎందుకంటే ఆ పని నేను చేశాను. “పిల్ల దృష్టి మళ్ళించి, చెప్పకుండా జారుకోండి.” మొదట చేర్పించిన చోట ఒకావిడ చిలక బొమ్మ ఊపుతూ, వెళ్ళిపొమ్మని నాకు కళ్ళతో సైగ చేసేది. నాలుగు రోజులు పిల్లిలా జారుకున్నాను. ఏడుపు వినబడలేదు, వీధి దాటేసేవాణ్ణి కదా. ఐదో రోజు నుంచి నేను ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు బాదడం మొదలుపెట్టింది. రాత్రి నిద్రలో చెయ్యి చాపి నా లుంగీ అంచు వెతుక్కునేది. నాన్న ఎప్పుడైనా మాయమైపోతాడని నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది.

నెలాఖరుకి వేరే చోటికి మార్చాం. అక్కడి మావుసి మొదటి రోజే ‘చెప్పే వెళ్ళండి’ అంది. మొదటి వారం మా ఆవిడా నేనూ వంతులేసుకుని గంటేసి లోపల కూర్చున్నాం, రెండో వారం పావుగంట. ఇప్పుడు చెప్పులు తనే విప్పుతుంది, ఎడమది మాత్రం నేనే విప్పాలి. నీళ్ళ సీసా మావుసి చేతికిస్తుంది. ‘నాన్న దుకాణానికి వెళ్తాడు, నువ్వు బజ్జుని లేచాక వస్తాడు’ అంటాను, రోజూ అదే మాట. ఐదింటికి అంటే దానికి అర్థం కాదు, బజ్జుని లేవడం అర్థమవుతుంది. ముద్దు, టాటా, ఇక వెనక్కి తిరిగి రాను. ఇప్పటికీ సోమవారాలు ఏడుస్తుంది. జ్వరం వచ్చి తగ్గాక మళ్ళీ మొదటికొచ్చింది. నేనూ గేటు పక్కన రెండు నిమిషాలు నిలబడి, గొంతు తగ్గిందని తెలిశాకే స్కూటీ తీస్తాను. దానికి మాత్రం ఏ శాస్త్రమూ లేదు.

చివరిది: “మన అమ్మమ్మలు పిల్లల్ని పరాయి చేతుల్లో పెట్టలేదు.” దీని గురి ఉద్యోగం చేసే తల్లుల మీద. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలని 2017లో చట్టం సవరించారు. మా ఊళ్ళో దుకాణాలకీ చిన్న ఆఫీసులకీ అది అందదు. అంగన్‌వాడీలో ఆటపాటలు మూడేళ్ళు నిండినవాళ్ళకే. ఈలోపు పిల్లని ఎక్కడ ఉంచాలో మెసేజ్ రాసినాయన చెప్పలేదు.

అమ్మమ్మల సంగతి పిన్నినే ఫోన్ చేసి అడిగాను.

“ఊడుపులప్పుడు మీ అమ్మమ్మ నన్నూ మీ అమ్మనీ ఓ ముసలమ్మకి అప్పజెప్పీసి ఎల్లీది. గట్టు మీద చింతచెట్టుకి చీర ఉయ్యాల. ఏడుగురు గుంటలం ఆవిడ దగ్గర.”

“ఆవిడ మనకేమవుతుంది పిన్నీ?”

“ఏటీ అవదురా. పొలం పనికి రాలేని మనిషి. సాయంత్రం తలా గిద్దెడు బియ్యం ఇచ్చీవారు.”

ఈ మాట కూడా గ్రూపులో పెట్టమన్నాను. ఇంకా పెట్టలేదు.