తలకి 46 కిలోలు

డిసెంబరు మొదటి పక్షం రాగానే శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఒక విశేషమైన ఎగుమతి ఊపందుకుంటుంది. వాణిజ్య శాఖ లెక్కల్లో దీనికి ఇంతవరకు ఒక పద్దు కేటాయించకపోవడం విచారకరం. సరుకు: ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, అరిసెలు. వాహనం: అరవై దాటిన అమ్మానాన్నలు. గమ్యం: న్యూజెర్సీలో ఎడిసన్, టెక్సాస్‌లో ఫ్రిస్కో, ఇంకా ఎక్కడెక్కడ కోడళ్లు నెలకోసారి ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఇవే కొంటున్నారో అక్కడ.

పిల్లల్ని చూడ్డానికి వెళ్తున్నామని వీళ్లు చెప్పుకుంటారు. టికెట్ చదివితే అసలు సంగతి తెలుస్తుంది. చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. పెట్టెలు కదలాలంటే వాటి వెంట ఒక మనిషి ఉండాలి. అందుకని మనిషి.

హాయిగా మే నెలలో వెళ్లొచ్చు కదా అనేవాళ్లు అమాయకులు. అబ్బాయికి గట్టిగా సెలవు దొరికేది క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్యనే. ఆ దేశస్థులందరూ తమ అమ్మానాన్నల దగ్గరికి బయల్దేరేదీ అప్పుడే కాబట్టి, ఛార్జీలు ఆ పది రోజులకే కొండెక్కి కూర్చుంటాయి. తక్కువలో పోవాలంటే నెల మొదట్లోనే ఎక్కాలి. ఎక్కితే అబ్బాయి 23వ తేదీ దాకా ఆఫీసులో ఉంటాడు. కాబట్టి అబ్బాయితో గడుపుదామని వెళ్లినవాళ్లు మూడు వారాలు అబ్బాయి ఇంట్లో వేడి సర్దే థర్మోస్టాట్ మీటతో గడుపుతారు. చర్చికి వెళ్లే కుటుంబాలకు అది నిజంగానే పండగ ప్రయాణం. మిగతావాళ్లు ధనుర్మాసం ముగ్గులు వదులుకుని ఎదురింటివాళ్ల రంగుదీపాలు చూడ్డానికి వెళ్తున్నట్టు లెక్క.

తూకం దగ్గర తొందరపడకూడదు. ఇద్దరికీ కలిపి 92 కిలోలు. ఖాళీ పెట్టె ఒక్కోటి నాలుగైదు కిలోలు తానే మింగుతుంది, అంటే దాదాపు 20 అక్కడే పోయాయి. మిగిలిన 72లో నాలుగు నెలల బట్టలకి 12 దయతలిస్తే సరుకుకి 60. బాత్రూమ్ తూకం మిషన్ మీద పెట్టె నిలబెడితే అంకె దాని కింద పడి కనిపించదు. కాబట్టి నాన్న ముందు ఒక్కరే ఎక్కాలి, తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కాలి, రెండో అంకెలోంచి మొదటి అంకె తీసెయ్యాలి. నడుం పట్టేది ఇక్కడే. నింద మాత్రం విమానం సీటు మీద పడుతుంది. కొక్కెం ఉన్న డిజిటల్ కాటా కొంటే ఈ బాధ లేదు గానీ, దానికయ్యే డబ్బుతో పావుకిలో నెయ్యి వస్తుంది. ఇంటి తూకానికీ కౌంటర్ తూకానికీ కాస్త తేడా సహజం కాబట్టి 22.5 దగ్గర ఆపాలని శాస్త్రం. అలా ఆపిన ఇల్లు లేదు. "ఏవండీ, ఇంకో అరకిలో పడుతుంది" అనే గొంతు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఫలితంగా కౌంటర్ ముందు నేల మీద పెట్టె విప్పి, నలుగురూ చూస్తుండగా లోపలి బనియన్లు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారుస్తారు. 32 దాటిన పెట్టెను మామూలుగా డబ్బులిచ్చినా ఎక్కించుకోరు.

ఆవకాయ కారడానికి కారణం భౌతికశాస్త్రం, అత్తగారి దిష్టి కాదు. విమానం పైకెళ్లాక లోపలి గాలి పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి, పైకి తేలిన నూనెను మూత సందులోంచి నెట్టేస్తుంది. గాలి తీసేసిన పౌచ్‌లో ఈ గొడవ లేదు. అందుకే పచ్చళ్ల దుకాణాల్లో ఫారిన్ ప్యాకింగ్ అని అడిగితే చాలు, పట్టుచీర కంటే భద్రంగా చుట్టి ఇస్తారు. కొత్త ఆవకాయ ఇంకా ఊరుతూ ఉంటే పౌచ్ కూడా ఉబ్బుతుంది. పాతదే పట్టుకెళ్లాలి. ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే వస్తువుల జాబితాలో చేర్చారు. పొడులు చేతి సంచిలో పెట్టారో, 2018 జూన్ చివరి నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన ఏ పొడినైనా విడిగా తీసి చూపించాలి. నల్లకారం అనేది ఏ జాతి పదార్థమో భద్రతా సిబ్బందికి వివరించే ఇంగ్లీషు ఇంకా పుట్టలేదు.

దిగాక కస్టమ్స్. బీగిల్ కుక్క ఒకటి వచ్చి పెట్టె పక్కన మర్యాదగా కూర్చుంటుంది. ముద్దుగా ఉందని నిమరకండి, అది తన డ్యూటీ చేసింది. తిండి ఉందా అని అడిగితే ఉందని చెప్పడమే చౌక. చెబితే పోయేది సరుకొక్కటే. దాస్తే జరిమానా పదివేల డాలర్ల దాకా వెళ్లొచ్చని వాళ్ల హెచ్చరిక. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అక్కడితో సరి. బియ్యం మూట కూడా అంతే, ఖాప్రా అనే పురుగు భయం. పచ్చి కరివేపాకైతే మరీ పాపం: నిమ్మజాతి చెట్లను చంపే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. మన పెరటి రెబ్బ ఫ్లోరిడా నారింజ తోటలకు గండమని అమ్మకి చెప్పి చూడండి, నారింజలు తినడం మానేస్తుంది గానీ రెబ్బ వదలదు.

దానికి ముందే ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చారంటాడు. "మనవణ్ణి చూడ్డానికి" వేరు, "మనవణ్ణి చూసుకోవడానికి" వేరు. రెండోది ఆయన చెవికి ఉద్యోగంలా వినపడొచ్చు. వీసా పదేళ్లదైనా, ఒక్క రాకకి ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది, పాస్‌పోర్టులో అంటించిన కాగితం మీద కాదు. ఇంకో మాట: డల్లాస్ వెళ్లాల్సిన పెట్టెను కూడా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. దానికి గంటంపావు వ్యవధి చాలదని టికెట్ బుక్ చేసిన అబ్బాయికి తెలుసు. 60 డాలర్లు మిగిలాయని కూడా తెలుసు. అబుదాబి మీదుగా వెళ్తే ఈ తతంగం అక్కడే ముగుస్తుంది.

చలి గురించి ఎవరి మాటా వినరు కాబట్టి క్లుప్తంగా. ఫోన్‌లో 28 అని చూసి, ఇక్కడి లాగే ఉందే అనుకోకండి. అది ఫారెన్‌హీట్, అంటే సున్నాకి రెండు కిందన. ఇక్కడ చలికాలం రోడ్డు పక్కన కొన్న స్వెట్టర్ హైదరాబాద్ చలికి మహారాజు, న్యూజెర్సీ గాలికి జల్లెడ. ఒంటికి అంటుకునేలా థర్మల్ బనియన్, దాని మీద ఉన్ని, పైన గాలి దూరని జాకెట్. ఆ జాకెట్ పెట్టెలో పెట్టక తొడుక్కునే ఎక్కితే రెండు కిలోల సున్నుండలకు చోటు దొరుకుతుంది. వాకిట్లో కనిపించని మంచు పొర మీద హవాయి చెప్పులతో నడవకండి. పడితే విజిటర్ ఇన్సూరెన్స్ ఆదుకోవచ్చు గానీ, ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన బీపీ, షుగర్లను అది మామూలుగా గుర్తుపట్టదు.

ఇంట్లో థర్మోస్టాట్ 68 ఫారెన్‌హీట్. అంటే మన 20 డిగ్రీలు. కొబ్బరినూనె 24 దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి నాన్న దాన్ని సాక్ష్యంగా చూపించి 75కి, అంటే మన 24కి, పెంచుతారు. అబ్బాయి ఆఫీసులోంచే ఫోన్‌లో తగ్గిస్తాడు. తండ్రీకొడుకుల మధ్య పగటిపూట నడిచే సంభాషణ ఇదొక్కటే. హీటర్ గాలికి తేమ ఆరిపోయి, సింథటిక్ చీరతో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అక్కడి ఉదయం ఎనిమిదిన్నరకి ఇక్కడ రాత్రి ఏడు గంటల సీరియల్ వస్తుంది, అదొక్కటే ఊరట.

సరుకు దించే ఘట్టం మిగిలింది. గ్యారేజీలోని రెండో ఫ్రిజ్ తెరుస్తారు. పై అరలో క్రితం ఏడు తామే మోసుకొచ్చిన గోంగూర ఉంటుంది, టేపు కూడా విప్పకుండా. పక్కనే వియ్యపురాలు మార్చిలో తెచ్చిన ఆవకాయ, సగం అయిపోయి. ఆ రాత్రి అమ్మకి నిద్రపట్టదు. ఇంట్లో అందరూ దాన్ని జెట్ లాగ్ అంటారు.