డెమో క్లాసుకు పిల్లలెందుకు?

ఎండాకాలం వచ్చిందంటే నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో రెండే కాగితాలు తెగ నడుస్తాయి: బయోడేటా, లెసన్ ప్లాన్. జూన్ 12న బళ్లు తెరిచేలోగా ప్రైమరీ ఇంగ్లిష్ టీచర్ కొలువు దొరకాలంటే డెమో క్లాసు గట్టెక్కాలి. దాని శాస్త్రం తెలియక టెట్ పాసైనవాళ్లు కూడా ఉత్తచేతులతో తిరిగొస్తున్నారు కాబట్టి విధివిధానాలు రాయక తప్పడం లేదు.

డెమో క్లాసు పిల్లల కోసం కాదు. సెలవుల్లో పిల్లలెక్కడ దొరుకుతారు? ప్రిన్సిపల్ మేడం, ఆఫీసు క్లర్కు, కరస్పాండెంట్ సారు బామ్మర్ది రెండో తరగతి పిల్లలై బెంచీల మీద కూర్చుంటారు. బామ్మర్ది ఫోన్ చూస్తుంటాడు. ముగ్గురిలో అచ్చం రెండో తరగతి పిల్లాడిలా ఉండేది ఆయనొక్కడే.

ఇచ్చేది 15 నిమిషాలు. ఆచారం ప్రకారం 5 నిమిషాలు గుడ్ మార్నింగులకు, 2 బోర్డు తుడవడానికి, మిగతా 8 ప్రిపొజిషన్ నిర్వచనానికి పోవాలి. నౌన్ ముందు వచ్చేదే ప్రిపొజిషన్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. ఏడేళ్ల పిల్లకు నౌన్ అంటే ఏందో తెలియదన్నది మన తప్పు కాదు. మెరుపులద్దిన చార్టు తప్పనిసరి. సున్నం గోడకు సెల్లోటేపు అంటదు, టేపుకే సున్నం అంటుకుంటుంది. ఫ్యాను వేయగానే చార్టు మన నెత్తిన పడుతుంది; దాన్ని యాక్టివిటీ కింద రాసుకోవచ్చు.

ఇక తెలుగు మాట దొర్లిందా, మహాపాపం. 2022-23లో సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ అచ్చేశారు. ఆ మైల ప్రైవేటు బడి గడప తొక్కకూడదు.

ఇంత చెప్పినా వినని మొండివాళ్లు కొందరుంటారు. సంచిలోంచి ఒక బత్తాయి, ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీస్తారు. పాఠం మొత్తానికి మూడే మాటలు: ఇన్, ఆన్, అండర్. మొదటి 3 నిమిషాలు తామే పండు పెడుతూ, తీస్తూ 'ఇన్ ద బాక్స్' అంటారు. తర్వాతి 4 నిమిషాలు చెప్పినట్టు చేయడమే పిల్లల పని, నోరు తెరవమని అడగరు. ముందు విని చేయాలి, మాట దానంతటదే వస్తుందన్నది అమెరికా సైకాలజిస్టు జేమ్స్ ఆషర్ చెప్పిన పద్ధతి.

ఇందులోనూ గండాలున్నాయి. డబ్బా మీద పెట్టగానే బత్తాయి దొర్లిపోతుంది. మూత తిరగేసి పెడితే అంచు ఆపుతుంది. 'అండర్'కి డబ్బా పనికిరాదు, బత్తాయి మీద అది నిలవదు. కుర్చీ కావాలి. పండును పిల్లలు ఆరెంజ్ అంటారు. ఆ పంచాయితీ ఇప్పుడొద్దు, 'ఇట్' అంటే చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. మనకు 'డబ్బాలో' అన్నప్పుడు 'లో' వెనక వస్తుంది, అందుకే పిల్లవాడు 'బాక్స్ ఇన్' అంటాడు. సరిచేస్తే 'ఇన్ బాక్స్' దాకా వస్తాడు. 'ద' లాంటి మాట తెలుగులో లేదు కదా. మొండి టీచరమ్మ తప్పు అనదు. మూడు వేళ్లు చూపి, నడిమి వేలు కదిలిస్తుంది. పిల్లవాడు వేళ్లకేసి చూసి 'ఇన్... ద... బాక్స్' అంటాడు.

తర్వాత 6 నిమిషాలు జంటల ఆట. ఒకరు రబ్బరు దాస్తారు, ఇంకొకరు 'ఈజ్ ఇట్ అండర్ ద బుక్?' అని అడుగుతారు. నిజంగా తెలియనిది కనుక్కోవడానికే అడుగుతారు కాబట్టి నోళ్లు ఆగవు. చివరి 2 నిమిషాల్లో 'అర్థమైందా?' అని అడగదు. దానికి 'యెస్ మేడం' తప్ప వేరే జవాబు ఈ జిల్లాలో పుట్టలేదు. పండును కుర్చీ కింద పెట్టి 'ఆన్ ఆర్ అండర్?' అని ఒక్కొక్కరినీ అడుగుతుంది.

ఈపాటికి బామ్మర్ది ఫోన్ జేబులో పెట్టేసి, క్లర్కు రబ్బరు ఎక్కడ దాచిందోనని బెంచీ కిందికి వంగి ఉంటాడు. కరస్పాండెంట్ సారు మాత్రం గడియారం చూసుకుని, "అంతా మంచిగనే ఉంది మేడం, మరి గ్రామర్ ఎప్పుడు చెప్తరు?" అంటాడు. ఆ వెంటనే అసలు ఇంటర్వ్యూ మొదలవుతుంది.

"మీ వాడకట్టు నుంచి అడ్మిషన్లు ఎన్ని తెస్తరు?"