ఫ్రాస్ట్‌ని ఉరి తీయలేదు, అది దయ కాదు

1839 నవంబర్ 4న వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో జరిగిన చార్టిస్టుల (సామాన్యులకీ ఓటు కావాలని పోరాడినవాళ్లు) తిరుగుబాటు గురించి ఎవరు రాసినా వెస్ట్‌గేట్ హోటల్ కాల్పుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. నాకైతే అంతకుముందు ఏడాదంతా, ఆ తర్వాత మూడు నెలలూ సర్కారు ఆడిన ఆటే ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది.

నాయకుడు జాన్ ఫ్రాస్ట్ ఏమీ రౌడీ కాదు, బట్టల వ్యాపారి, ఆ ఊరి మాజీ మేయర్, మేజిస్ట్రేట్ కూడా. చార్టిస్టులతో తిరుగుతున్నాడని హోంమంత్రి లార్డ్ జాన్ రస్సెల్ సంజాయిషీ అడిగితే ఆయన ఘాటుగా జవాబిచ్చాడు, ఆ మార్చికల్లా మేజిస్ట్రేట్ పదవి ఊడింది. మేలో జనం బాగా ఇష్టపడే వక్త హెన్రీ విన్సెంట్‌ని అరెస్ట్ చేసి తర్వాత మన్‌మత్ జైల్లో పెట్టారు. వయోజన మగాళ్లందరికీ ఓటు, రహస్య బ్యాలెట్ లాంటి డిమాండ్లతో దాదాపు 12.8 లక్షల సంతకాల పిటిషన్ పెడితే జులైలో పార్లమెంటు దాన్ని పరిశీలించడానికే ఒప్పుకోలేదు, ఓట్లు 235కి 46. అర్జీ పెట్టుకోనివ్వరు, మాట్లాడేవాణ్ణి లోపలేస్తారు, ఇక గనుల్లో, ఇనుప ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆ జనానికి మిగిలింది రోడ్డే కదా.

రాత్రంతా వానలో లోయల నుంచి నడిచొచ్చిన వేలమంది పొద్దున తొమ్మిది దాటాక హోటల్ ముందుకు చేరారు, లోపల తమవాళ్లని పట్టి ఉంచారు, వదలమని గొడవ. లోపల 45వ రెజిమెంట్ సైనికులు ముప్పై మంది దాకా ఉన్నారు, కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. ఆ తలుపులు తీసేటప్పుడే మేయర్ థామస్ ఫిలిప్స్‌కి గాయమైంది, ఆ వెంటనే లోపల్నుంచి తూటాలు. కనీసం 22 మంది పోయారు. ఇంకో సంగతి, ఈ ఫిలిప్స్ లాయర్, ఆయన పార్ట్‌నర్ ప్రొథెరో మీద రాసిన రాతలకే 1823లో ఫ్రాస్ట్ ఆరు నెలలు జైల్లో ఉన్నాడు, అంటే ఊళ్లో పాత కక్షలు కూడా ఇందులో కలిసే ఉన్నాయన్నమాట.

ఫిలిప్స్‌కి డిసెంబర్‌లోనే విక్టోరియా రాణి సర్ బిరుదు ఇచ్చేసింది. చనిపోయినవాళ్లలో పదిమందిని మాత్రం సెయింట్ వూలోస్ చర్చి దగ్గర రాత్రిపూట పూడ్చారు, సమాధుల మీద పేర్లు కూడా పెట్టలేదు. ఫ్రాస్ట్, జెఫనయా విలియమ్స్, విలియమ్ జోన్స్ మీద రాజద్రోహం కేసు నడిచింది. చీఫ్ జస్టిస్ టిండల్ జ్యూరీకి చెప్పిన మాటలు ముద్దాయికి అనుకూలంగానే ఉన్నా జ్యూరీ దోషి అంది, కాకపోతే దయ చూపమని కూడా సిఫార్సు చేసింది. 1840 జనవరి 16న తీర్పు: ఉరి తీసి, తల నరికి, ఒళ్లు నాలుగు ముక్కలు చెయ్యాలి. సాక్షుల లిస్టు ఇచ్చిన పద్ధతి తప్పని డిఫెన్స్ అభ్యంతరం పెడితే జడ్జీల్లో ఎక్కువమంది తప్పేనన్నారు, కానీ ఆ అభ్యంతరం లేటుగా చెప్పారట, కాబట్టి చెల్లదన్నారు!

ఫిబ్రవరి 1న శిక్షని యావజ్జీవ ప్రవాసంగా మార్చారు. దీన్ని దయ అంటే నేను ఒప్పుకోను. దేశమంతా క్షమాభిక్ష అర్జీలు, పైగా టిండల్ కూడా కనికరం వైపే ఉన్నాడు, ఫిబ్రవరి 10న రాణి పెళ్లి, అలాంటప్పుడు మాజీ మేయర్‌ని ముక్కలు చేసి అమరవీరుణ్ణి ఎవరు తయారుచేస్తారు? అందుకే శవాన్ని ఊళ్లో పెట్టుకోవడం కంటే మనిషిని ఖైదీల్ని పంపే టాస్మానియా దీవికి పంపడం నయమనుకున్నారు, ఆ నెల చివరికే ఓడ కదిలింది. లెక్క పూర్తిగా మాత్రం కుదర్లేదు, ఎందుకంటే ఫ్రాస్ట్ బతికే ఉన్నాడు, 1856లో క్షమాభిక్షతో తిరిగొచ్చి అక్కడ ఖైదీల్ని ఎలా హింసిస్తారో ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు.