వెయ్యి యూనిట్ల గీత

కూకట్‌పల్లిలో పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకున్నానో లేదో, హ్యూస్టన్ నుంచి తమ్ముడి వీడియో కాల్. "అన్నా, కరెంటు ప్లాన్ ఒకటి చూసిపెట్టవా, నీకు లెక్కలొచ్చు కదా!" అక్కడ కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. ప్లాన్లేమో పదులకొద్దీ.

పట్టికలో 500, 1000, 2000 యూనిట్లకు సగటు ధర వేస్తారు. వాడు పంపినదాంట్లో 1000 దగ్గర భలే చవక. తీరా చూస్తే సరిగ్గా అక్కడికి చేరితేనే బిల్లులో 100 డాలర్లు తగ్గించే క్రెడిట్. 999 వాడితే ఆ క్రెడిట్ సున్నా! గీత గీసినట్టు నెలనెలా వెయ్యి ఎవడు వాడతాడండీ? పాత బిల్లులు తెప్పించి ఎక్సెల్‌లో పెట్టా. ఆగస్టులో ఏసీ దెబ్బకు 1900, నవంబరులో 740. ఏడాది మొత్తం కూడితే ఆ చవక ప్లానే ఖరీదు తేలింది. నా ఆదివారం కూడా దాంట్లోనే పోయింది.

మా ఇంట్లో కథ తలకిందులు. తెలంగాణ సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల వరకే, 201 అయితే మొత్తం కట్టాల్సిందే. నెలాఖరు వస్తే అమ్మ రోజూ మీటరు చూసొచ్చి గీజర్ ఆపేస్తుంది. ఇక్కడ నేను చన్నీళ్లతో వణుకుతుంటే, చివరికి ఆ ప్లానే తీసుకుని 985 దగ్గర ఆగిన మా తమ్ముడు, వెయ్యి చేయించాలని ఖాళీ గదిలో ఏసీ వేసి కూర్చున్నాడు.