ఏడో ఇన్నింగ్స్‌లో బీరు కౌంటరు మూయించే కట్టుబాటుకు విన్నపం

మహారాజశ్రీ ఏడో ఇన్నింగ్స్ కట్టుబాటు గారి సముఖమునకు,

అమెరికాలో బేస్‌బాల్ మైదానాల వెంట తిరుగుతూ, ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి బీరు రుచి చూసే ఒక తెలుగు ప్రేక్షకుడు నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ ఎనిమిదో ఇన్నింగ్స్ నడుస్తోంది. కప్పు ఖాళీ. తమరు కౌంటరు మూయించి వెళ్లిపోయారు.

తమ గురించి వినని పాఠకుల కోసం ఒక ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, రెండు జట్లూ ఒక్కోసారి బ్యాట్ పడితే ఒకటి. చాలా మైదానాల్లో ఏడోది ముగియగానే బీరు అమ్మకం ఆగిపోతుంది. లీగ్ మొత్తానికి వర్తించే చట్టమేమీ కాదు ఇది, ఏ జట్టుకు ఆ జట్టు పెట్టుకున్న నియమం. జనానికి మత్తు కాస్త దిగాలి, కార్లు నడుపుకుంటూ క్షేమంగా ఇల్లు చేరాలి అన్నది తమ సంకల్పం. దాన్ని తప్పుపట్టేవాణ్ని కాను. అయితే మా క్షేమం మీద తమకు ఇంత దిగులు ఉన్నప్పుడు, మొదటి ఆరు ఇన్నింగ్స్‌లోనూ బీరు పెట్టె భుజాన వేసుకుని మెట్లెక్కి మరీ మా ఒళ్లోకి కప్పులు అందించే ఆ కుర్రవాడు ఎవరి తాలూకు మనిషో తెలియడం లేదు.

ఈ ఆటకూ బీరుకూ ఉన్న సంబంధం తమకంటే చాలా పాతది. మైదానంలో బీరు అమ్ముతోందని, ఆదివారాలు మైదానాన్ని అద్దెకిస్తోందని సిన్సినాటి జట్టును అప్పటి పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్ 1880లోనే వెలివేసింది. వెలి పడ్డవాళ్లు ఊరుకుంటారా? అమెరికన్ అసోసియేషన్ అనే వేరు కుంపటి పెట్టి 1882లో ఆటలు మొదలుపెట్టారు. టికెట్ 25 సెంట్లు, అంటే నేషనల్ లీగ్ ధరలో సగం. ఆదివారమూ ఆట ఉంటుంది. పైగా బీరు. పెద్దమనుషులు దానికి బీరు, విస్కీల లీగ్ అని పేరు పెట్టి ముక్కు మూసుకున్నారు. అందులో సెయింట్ లూయిస్ జట్టు యజమాని క్రిస్ వాన్ డర్ ఆ, జర్మనీ నుంచి వలస వచ్చి మద్యం దుకాణం పెట్టుకున్నవాడు. ఆట ఉన్న రోజుల్లో తన దుకాణం కిటకిటలాడటం గమనించి ఏకంగా జట్టునే కొనేశాడు. ఆయన జట్టు 1885 నుంచి 1888 దాకా వరసగా నాలుగేళ్లు లీగ్ గెలిచింది. ఆ ఊరి ఇప్పటి జట్టు కార్డినల్స్ ఆ గూటి పిట్టలే.

ఆ ఊరిలోనే ఇంకో ముచ్చట. 1953లో ఆన్‌హైజర్-బుష్ బీరు కంపెనీ కార్డినల్స్‌ను కొన్నది. కంపెనీ అధిపతి గస్సీ బుష్ మైదానానికి బడ్‌వైజర్ స్టేడియం అని నామకరణం చేయబోతే, బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఒప్పుకోలేదు. సరేనని బుష్‌గారు తన ఇంటిపేరు పెట్టారు. ఇంటిపేరుకు అభ్యంతరం ఎవరు చెబుతారు? 1955లో బుష్ బవేరియన్ అనే కొత్త బీరు బజారులోకి దిగింది. మైదానానికి బీరు పేరు వద్దంటే బీరుకే మైదానం పేరు పెట్టిన ఈ యుక్తికి తెనాలి రామకృష్ణుడైనా లేచి శాలువా కప్పుతాడు.

తమ తరఫున వాదించేవాళ్లు ఎప్పుడూ క్లీవ్‌లాండ్ కథ ఎత్తుతారు. 1974 జూన్ 4న అక్కడ టెక్సాస్ రేంజర్స్‌తో ఆట. 65 సెంట్ల బీరు ఆ రాత్రికి 10 సెంట్లే అని ప్రకటిస్తే 25 వేల మందికి పైగా వచ్చారు. ఒకసారికి ఆరు కప్పులే కొనాలి, కానీ ఎన్నిసార్లు రావాలో ఎవరూ చెప్పలేదు. బట్టల్లేకుండా మైదానంలో పరుగెత్తినవాళ్లు కూడా ఉన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 5-5 దగ్గర ఉండగా జనం మైదానంలోకి దిగి టెక్సాస్ ఆటగాడు జెఫ్ బరోస్‌ను చుట్టుముట్టారు. టెక్సాస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ బ్యాట్లతో తన దండును దించితే, క్లీవ్‌లాండ్ ఆటగాళ్లూ బ్యాట్లు పట్టుకుని తమ అభిమానుల నుంచి తమ ప్రత్యర్థులను కాపాడడానికి పరుగెత్తారు. చివరికి అంపైర్ ఆటను టెక్సాస్‌కు రాసిచ్చేశాడు. అదే వేసవిలో మరో బీరు రాత్రి కూడా జరిపారు, ఈసారి మనిషికి రెండు కప్పులే అన్న షరతుతో. అయ్యా, ఆ రాత్రి నేరం పది సెంట్లది. ఇప్పుడు కొన్నిచోట్ల కప్పు 15 డాలర్లు దాటింది. ఆ ధరకు తాగి అల్లరి చేయాలంటే ముందు బ్యాంకుకు వెళ్లి అప్పు తీసుకోవాలి.

అసలు విషయానికి వస్తాను. 2023లో పిచర్ల, అంటే బంతి విసిరేవాళ్ల, చేతికి గడియారం కట్టినంత పని చేశారు. బేస్‌ల మీద పరుగుకు కాచుకున్నవాళ్లు ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే ఆ ఏడాది 20 సెకన్లు, ఆలోపు బంతి విసరడం మొదలుపెట్టాలి. అంతకు ముందు ఏడాది సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టిన ఆట 2 గంటల 40 నిమిషాలకు దిగింది. మత్తు దిగే సమయం తగ్గింది కాబట్టి కౌంటరు ఇంకా ముందే మూయాలి కదా? అప్పట్లో ఫిలడెల్ఫియా పిచర్‌గా ఉన్న మ్యాట్ స్ట్రామ్ అడిగింది సరిగ్గా ఇదే: జనం క్షేమమే ముఖ్యమైతే ఆరో ఇన్నింగ్స్‌కు జరపాలి గానీ ఇదేమిటని. ఎందుకంటే మిల్వాకీ, టెక్సాస్, మిన్నెసోటా, అరిజోనా జట్ల మైదానాల్లో తమరు జరిగింది ఎనిమిదో ఇన్నింగ్స్‌కు! శనీశ్వరుడంతటివాడు రాశి మారడానికి రెండున్నరేళ్లు తీసుకుంటాడు. తమరికి ఆ సీజను మొదటి నెల కూడా పట్టలేదు. ఇల్లు చేరే దారి అదే, కారు అదే, తాగే మనిషీ అతనే. మారింది గల్లాపెట్టె లెక్క ఒక్కటే.

మిల్వాకీని మాత్రం నేను పెద్దగా అనలేను. ష్లిట్జ్, పాబ్స్ట్, బ్లాట్జ్, మిల్లర్ బీర్లు పుట్టిన ఊరు, జట్టు పేరే బ్రూవర్స్, అంటే బీరు కాచేవాళ్లు. ఆటకు ముందు పార్కింగ్ స్థలమంతా సాసేజ్‌లు కాలుతున్న పొగ. పాత మైదానంలో జట్టు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే బెర్నీ అనే మీసాల బొమ్మ మనిషి పెద్ద బీరు మగ్గులోకి జారేవాడు. కొత్త మైదానంలోనూ జారుతున్నాడు గానీ కింద మగ్గు లేదు. 2021లో మిల్లర్ పార్క్ అన్న పేరు తీసి ఒక బీమా కంపెనీ పేరు తగిలించారు. బీరు పోయి బీమా వచ్చింది. బెర్నీ పాత గుడిసె చూడాలంటే ఆ ఊళ్లోనే ఉన్న లేక్‌ఫ్రంట్ బ్రూవరీకి వెళ్లాలి. నేను వెళ్లాను. అక్కడ ఇన్నింగ్స్ లెక్కలేవీ లేవు, తమ పేరెత్తినవారూ లేరు.

నా సొంత గోడు ఒకటుంది. ఊరి బీరు కోసం అంత దూరం వెళ్తానా, మైదానంలో అడుగడుగునా దొరికేది మాత్రం దేశమంతా దొరికే ఆ రెండు మూడు రకాలే. ఆ ఊళ్లో కాచింది కావాలంటే ఎక్కడో ఎడమ మూల, మెట్ల వెనక, ఒకే ఒక్క చిన్న బండి. దాని ముందు పెద్ద వరస. వరసలో ముందుకు చేరాక గుర్తింపు కార్డు. గుంటూరు నుంచి వచ్చిన మా బాబాయికి తల నెరిసి, నెరిసిన జుట్టు కూడా రాలిపోయింది. ఆయన వయసు 21 నిండిందో లేదో చూడాలని ఒకచోట పాస్‌పోర్టు అడిగారు. ఆయన కోపగించుకోలేదు, ఆ పిల్లను చల్లగా ఉండమని దీవించి వచ్చాడు. మా బావమరిది మాత్రం విసుక్కున్నాడు. "రెండు గంటల నుంచి ఎవరూ పరుగెత్తడం లేదేమిటి బావా?" అంటాడు. వాడిని కూర్చోబెట్టి బీరుకు బయలుదేరితే, గడియారం పుణ్యమా అని ఒకటిన్నర ఇన్నింగ్స్ వరసలోనే గడిచింది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఆనవాయితీ ప్రకారం మైదానమంతా లేచి నిలబడి పాట అందుకుంది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను, బండి ముందు. నాకు ముందు ఇద్దరు ఉండగా తమ ఆజ్ఞ వచ్చింది.

డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ అనే మైదానం లోపలే ఒక చిన్న బ్రూవరీ పెట్టారు. 1995లో బ్లూ మూన్ బీరు పుట్టింది అక్కడే, పెద్ద కంపెనీ నీడలో. పై అంతస్తులో ఊదా రంగు కుర్చీల వరస సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తు. ఆ పలుచని గాలిలో బంతి మరీ దూరం పోతోందని 2002 నుంచి బంతులను తేమ గదిలో భద్రపరుస్తున్నారు. బంతి నోరు ఎండిపోకూడదని అంత శ్రద్ధ తీసుకునే మహానుభావులు మా నోటి సంగతి కూడా ఆలోచించాలి.

కాబట్టి తమరు దయచేసి మకాం ఏడుకో ఎనిమిదికో, ఏదో ఒకదానికి ఖాయం చేసుకోండి, కానీ అది మా మేలు కోరి అని మాత్రం చెప్పకండి. ఊరి బీరు బండిని మూల నుంచి నడవా మధ్యకు తెప్పించండి. వరసలో అప్పటికే నిలబడినవాడిని ఖాళీ చేతులతో పంపకండి. ఇదంతా కుదరదంటే, మాకు రైలో బస్సో ఏర్పాటు చేయండి, కారు తాళాలు గేటు దగ్గరే అప్పగించి వస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
వరసలో మూడోవాడు

తాజా కలం: జవాబు ఎనిమిదో ఇన్నింగ్స్ లోపు పంపగలరు. మిల్వాకీలో ఉంటే, అది ముగిసేదాకా ఆగగలను.