ఉద్దానంలో తలనొప్పి బిళ్ల లెక్క

మా అప్పది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. నెలకు మూడు నాలుగు సార్లు ఆమెకు తల ఒక పక్కే పట్టేస్తుంది. వెలుతురు చూడలేదు, పోపు వాసన పడదు, పచ్చగా వాంతి అయితే గానీ నెమ్మదించదు. ఆ వాంతి చూసే ఇంట్లో అందరూ దానికి పైత్యం అని పేరు పెట్టేశారు. ఏళ్ల తరబడి నిమ్మరసం, జీలకర్ర కషాయం నడిచాయి. ఒకరు సైనస్ అన్నారు, ఇంకొకరు కళ్లజోడు రాశారు. మైగ్రేన్ అని తేలేసరికి, అప్ప నోరు తెరవకముందే ఏ బిళ్ల ఇవ్వాలో మందుల షాపు కుర్రాడికి తెలిసిపోయింది.

మైగ్రేన్ మాట వస్తే చాలు, ఇంగ్లిష్ మందా ఆయుర్వేదమా అని మనవాళ్లు తగువుకు దిగుతారు. నన్నడిగితే ఉద్దానంలో ముందు అడగాల్సింది అది కాదు. నెలలో ఎన్ని రోజులు బిళ్ల మింగుతున్నావు?

పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే 10 రోజులు, అలా మూడు నెలలకు పైగా వాడితే బిళ్లే కొత్త తలనొప్పి తెచ్చిపెడుతుంది. అది తగ్గడానికి మళ్లీ బిళ్ల. ఏ ఊళ్లోనైనా ఇది ఇబ్బందే, ఉద్దానంలో మరీ ప్రమాదం. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు అరుదు. ఇక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది తేలిన విషయమే. కొబ్బరితోటలో, జీడితోటలో ఎండకు చెమటోడ్చి, నీళ్లు చాలని ఒంటి మీద ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో తెరిచారు. మందుల షాపుల్లో మాత్రం ఆ బిళ్లలు చీటీ లేకుండానే చేతికొస్తున్నాయి.

నొప్పి మొదలవగానే వేసుకుంటే బాగా పనిచేసే ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ బిళ్లలు 1990ల నుంచీ ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అవి పనికిరావు. వాటికీ నెలకు 10 రోజులే హద్దు. అసలు తేడా కనిపించేది నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందుల్లో. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ లాంటివి కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. చిక్కంతా ఇంట్లో మొదలవుతుంది. చీటీ చూసిన మేనల్లుడు ఫోన్లో వెతుకుతాడు. మొదటిది బీపీ మందు, రెండోది డిప్రెషన్ మందు, మూడోది ఫిట్స్ మందు అని తేలుస్తాడు. ‘నాకేటి పిచ్చా?’ అని అప్ప వారానికే ఆపేసింది. ఆ మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పాలంటే రెండు మూడు నెలలు పడుతుందని చీటీ రాసినప్పుడు ఆమెకెవరూ చెప్పలేదు. తప్పు అప్పది అనలేను.

ఇక మన వైద్యాలు. సగం తల నొప్పిని అర్ధావభేదకమనీ, పొద్దెక్కేకొద్దీ పెరిగేదాన్ని సూర్యావర్తమనీ సుశ్రుతుడు విడదీసి చెప్పాడు. గమనించడంలో వాళ్లను తక్కువ చేయలేం. సూర్యోదయానికి ముందే పాలల్లో జిలేబీ తినమనే చిట్కాను చూసి నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు నవ్వను. ఖాళీ కడుపు మైగ్రేన్‌ను రేపుతుంది. పెందలాడే లేచి ఏదో ఒకటి తినిపించే చిట్కా అది. జిలేబీ బదులు రెండు ఇడ్లీలైనా సరే. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు తోడు మూడు నెలలు యోగా చేయించి చూస్తే, మందులు మాత్రమే వాడినవాళ్లకన్నా నొప్పి, బిళ్లలు రెండూ ఎక్కువ తగ్గాయి. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. మందులకు తోడు అన్న మాటను మాత్రం వాట్సాప్‌లో కత్తిరించి పంపుతారు. ఆక్యుపంక్చర్ మీద 22 పరీక్షలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, అది రోజువారీ మందులకు తీసిపోలేదు. హోమియోకు అంతటి ఆధారం నాకెక్కడా కనిపించలేదు.

మూలికే కదా, హాని ఉండదులే అనే ధీమాతోనే నాకు పేచీ. బటర్‌బర్ అనే మొక్క సారాన్ని అమెరికా నరాల డాక్టర్ల సంఘం 2012లో మైగ్రేన్‌కు మంచిదంది, కాలేయం దెబ్బతింటోందని తెలిశాక 2015లో ఆ మాట వెనక్కి తీసుకుంది. సంతలో పొట్లం కట్టి ఇచ్చే పేరులేని పొడుల్లో సీసం, పాదరసం ఉంటే, అవీ చివరకు కిడ్నీకే చుట్టుకుంటాయి.

పిడుగుపాటులా ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో తిమ్మిరెక్కి పడిపోవడం, యాభై దాటాక మొదటిసారి రావడం ఉంటే ఏ చిట్కా కోసమూ ఆగకూడదు. ఆసుపత్రికే.

రెండో డాక్టరు అప్పకు ముందు మందు రాయలేదు. వంటింటి గోడ మీది క్యాలెండర్ చూపించి, నొప్పి వచ్చిన రోజు సున్నా, బిళ్ల వేసుకున్న రోజు ఇంటూ పెట్టమన్నాడు. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ పక్కనే అవీ చేరాయి. నెల తిరిగేసరికి సున్నాలు 19, ఇంటూలు 17. నెలకు మూడు నాలుగు సార్లే అని ఆమె అనుకుంటున్న నొప్పి అది. రథసప్తమికి నిద్ర మానుకుని, ఉపవాసంతో అరసవల్లి వరసలో నిలబడ్డ రోజు మీద సున్నాతో పాటు ఇంటూ కూడా. నొప్పి బిళ్ల ఆపేసిన మొదటి పది రోజులు నరకమే చూసింది, అమ్మను పిలిచి ఏడ్చింది. అప్పట్లో వారానికే ఆపేసిన అదే డిప్రెషన్ మందు మళ్లీ మొదలైంది, ఈసారి చిన్న మోతాదులో, రాత్రిపూట.

మొన్న ఫోన్ చేసి అడిగితే, ఈ నెల ఇంటూలు నాలుగే అంది. నుదుటికి సొంఠి అరగదీసి పట్టు వేయడం మాత్రం మానలేదు. డాక్టరూ మానమనలేదు.